బెంగళూరులో చైన్ రెస్టారెంట్ల భోజనం: డబ్బుకూ కేలరీలకూ తగినదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసమో చదువు కోసమో బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు, పీజీల్లో (నెలకు డబ్బు కట్టి ఉండే వసతి గృహాల్లో) ఉంటున్న కుర్రవాళ్లు, పిల్లల్ని చూడటానికి ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జీతంలో తిండికి పోయేది ఎంతో, అందులో ఒంటికి పట్టేది ఎంతో తెలుసుకోవాలనుకునే వారందరి కోసం ఈ జవాబులు రాస్తున్నాను.

చైన్ రెస్టారెంట్ అంటే పిజ్జా, బర్గర్ దుకాణాలేనా?

కాదు. ఒకే పేరు, ఒకే మెనూ, ఒకే వంట పద్ధతితో చాలా చోట్ల నడిచేది ఏదైనా చైనే. కెఎఫ్‌సీ 1995లో మన దేశంలో తన మొదటి దుకాణం తెరిచింది ఈ ఊళ్లోని బ్రిగేడ్ రోడ్డులోనే. అది చైన్ అని ఎవరికైనా తెలుస్తుంది. కానీ 1924లో పుట్టి, లాల్‌బాగ్ రోడ్డులో ఇప్పటికీ క్యూ కట్టించే ఎంటీఆర్‌కూ నేడు ఎన్నో శాఖలున్నాయి. మనవాళ్లు ఆదివారం వెతుక్కుంటూ వెళ్లే నాగార్జున, నందన ప్యాలెస్, మేఘన ఫుడ్స్ కూడా అలాంటివే. అక్కడ అరిటాకు వేసి పప్పు, పొడి, నెయ్యి వడ్డిస్తారు కాబట్టి ఇంటి భోజనంలా అనిపిస్తుంది. లెక్క వేసేటప్పుడు మాత్రం వాటిని పక్కన పెట్టకూడదు.

సూటిగా చెప్పండి. పెట్టే డబ్బుకు విలువ దక్కుతుందా?

నలుగురు కలిసి తీరిగ్గా కూర్చుని తినడానికైతే దక్కుతుంది. ఒక్కరే వెళ్లి పావుగంటలో ఆకలి తీర్చుకుని వచ్చేయడానికైతే దక్కదు.

ఎందుకంటే బిల్లులో తిండి ఖరీదు ఒక భాగమే. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులోనో, వైట్‌ఫీల్డ్ మాల్‌లోనో స్థలానికి అద్దె, ఏసీ, వడ్డించేవారి జీతాలు, పేరు వాడుకున్నందుకు మాతృసంస్థకు కట్టే రాయల్టీ, ప్రకటనల ఖర్చు అన్నీ మనం తినే దోసె ధరలోనే కలిసి ఉంటాయి. అంటే తిండితో పాటు మనం కుర్చీకి కూడా అద్దె కడుతున్నాం. గంటన్నర కూర్చుని కబుర్లు చెప్పుకుంటే ఆ అద్దె గిట్టుతుంది. ఫోను చూస్తూ గబగబా తిని లేస్తే గిట్టదు. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ లెక్క నుంచే వస్తుంది.

అదే మసాలా దోసె దర్శిని అనే చిన్న టిఫిన్ హోటల్లో అంత చౌకగా ఎలా ఇస్తున్నారు? నాణ్యత తక్కువా?

తక్కువ కానక్కరలేదు. 1980లలో జయనగర్ వైపు మొదలైన దర్శినుల పద్ధతే వేరు. ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర మనమే అందుకోవాలి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. కుర్చీ లేదు, వడ్డన లేదు, ఒక మనిషి పది నిమిషాల్లో తిని వెళ్లిపోతాడు. చిన్న స్థలంలోనే రోజంతా వందలమంది తింటారు. పిండి ఏ రోజుది ఆ రోజే అయిపోతుంది. వంటగది చాలాచోట్ల కళ్ల ముందే ఉంటుంది. నన్నడిగితే ఉదయం ఫలహారానికి బెంగళూరులో దర్శినిని మించినది లేదు. మనవాళ్లకు ఒక్కటే ఇబ్బంది: సాంబారులో బెల్లం తగులుతుంది. చట్నీతో తింటే ఆ బాధ ఉండదు.

బిల్లులో పన్ను ఎంత ఉండాలి?

మామూలు రెస్టారెంట్‌లో, ఏసీ ఉన్నా లేకపోయినా, జీఎస్టీ 5 శాతం. 2017 నవంబరు నుంచి ఇదే రేటు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం వేస్తారు. పెళ్లిరోజు విందుకు అలాంటి చోటుకు వెళ్లేముందు ఈ తేడా లెక్కలో పెట్టుకోండి.

చిన్న హోటళ్లు కొన్ని కాంపోజిషన్ పథకం (మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) కింద ఉంటాయి. అవి తినేవారి నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు కనిపించకుండా పన్ను మాత్రం వేస్తే కౌంటర్ దగ్గరే నిలదీయవచ్చు.

సర్వీస్ ఛార్జీ తప్పనిసరిగా కట్టాలా?

అక్కరలేదు. ఈ సంగతి ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక. సర్వీస్ ఛార్జీ ప్రభుత్వ పన్ను కాదు. బిల్లులో పన్నుల పక్కనే అచ్చు వేయడం వల్ల చాలామంది అదీ పన్నే అనుకుని కట్టేస్తారు. రెస్టారెంట్లు దాన్ని తమంతట తాముగా బిల్లుకు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

డబ్బు లెక్కలో చూడండి. భోజనం 2,000 రూపాయలు అయింది. 10 శాతం సర్వీస్ ఛార్జీ కలిపితే 2,200. దానిమీద 5 శాతం జీఎస్టీ వేస్తే 2,310. సర్వీస్ ఛార్జీ తీసేయిస్తే కట్టాల్సింది 2,100 మాత్రమే. ఆ 210 రూపాయలతో ఒక చిన్న కుటుంబం దర్శినిలో ఫలహారం చేయవచ్చు. తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. వడ్డించిన అబ్బాయి మంచిగా చూసుకున్నాడనిపిస్తే అతని చేతికే ఎంతో కొంత ఇవ్వండి. నేను అలాగే చేస్తాను.

నీళ్ల సీసాకు ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకుంటున్నారు. ఇది న్యాయమా?

కూర్చోబెట్టి వడ్డించే చోట్ల తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే సీసా తెచ్చి బల్లమీద పెట్టకముందే “మామూలు నీళ్లు చాలు” అని చెప్పండి.

మెనూలో వంటకం పక్కన కేలరీలు రాస్తున్నారు. అందరూ రాయాలా?

ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే కేంద్ర లైసెన్సు ఉన్నవారు, లేదా 10 అంతకన్నా ఎక్కువ చోట్ల నడిపేవారు రాయాలి. 2020లో వచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ఒక్కో వడ్డనకు ఎన్ని కిలో కేలరీలో (మాటల్లో మనం కేలరీ అనేది ఇదే) మెనూ కార్డు మీదో బోర్డు మీదో చూపాలి. 2022 జూలై నుంచి ఇది అమల్లో ఉంది. చురుగ్గా ఉండే సగటు వయోజనుడికి రోజుకు 2,000 కిలో కేలరీలు అవసరమన్న వాక్యం కూడా దానితో పాటు ఉండాలి. చైన్లలో తినడం వల్ల వచ్చే అసలైన లాభాల్లో దీన్ని ముందు చెబుతాను. వీధి చివర మెస్‌లో ఎంత నూనె పోశారో మనకు ఎప్పటికీ తెలియదు, ఇక్కడ తెలుసుకునే వీలుంది.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ సంఖ్య ఒక వడ్డనకు. పెద్ద పిజ్జా పక్కన చిన్న సంఖ్య కనిపిస్తే అది మొత్తానికా, ఒక ముక్కకా అని చూడండి. నాన్, అన్నం విడిగా తెప్పించుకుంటే వాటి సంఖ్యలు విడిగా కలుపుకోవాలి.

అయితే కేలరీలు ఎక్కువగా ఎక్కడ చేరుతున్నాయి?

ప్రధాన వంటకంలో కన్నా దాని చుట్టూ తెప్పించుకునేవాటిలో. మెక్‌డొనాల్డ్స్ మన దేశానికి ప్రకటించిన పోషకాల పట్టికలో మెక్ ఆలూ టిక్కీ బర్గర్ దాదాపు 340 కిలో కేలరీలు. ఒక పూటకు అదేమీ ఎక్కువ కాదు. దానికి మధ్యరకం ఫ్రెంచ్ ఫ్రైస్ చేరిస్తే ఇంకో 300 పైన. కూల్‌డ్రింకు 300 మిల్లీలీటర్లు తాగితే మరో 130 దాకా. ఇలా 340తో పోవలసిన పూట 770కి చేరుతుంది. పోనీ కడుపు నిండిందా అంటే, రెండు గంటల్లో మళ్లీ ఆకలి వేస్తుంది.

ఆ కూల్‌డ్రింకులో చక్కెర 30 గ్రాముల పైన ఉంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజంతటికీ కలుపుకునే చక్కెర 25 గ్రాములు దాటకూడదు. ఒక్క గ్లాసుతోనే ఆ హద్దు దాటిపోయాం.

రెండోది నూనె. ఒక గ్రాము పిండి పదార్థం, మాంసకృత్తులు నాలుగేసి కిలో కేలరీలిస్తే, ఒక గ్రాము కొవ్వు తొమ్మిది ఇస్తుంది. నూనెలు, నెయ్యి అన్నీ కలిపి రోజుకు సుమారు 27 గ్రాములు చాలన్నది అదే సంస్థ లెక్క. గ్రేవీ మీద ఎర్రగా తేలే నూనె, నాన్ మీద పూసిన వెన్న, వేయించిన స్టార్టర్ కలిస్తే ఆ 27 గ్రాములు ఒక్క పూటలోనే అయిపోతాయి.

పిజ్జా కన్నా మన ఆంధ్రా భోజనం, బిర్యానీ నయం కదా?

రుచికి సంబంధించి నాకు రెండో మాట లేదు. కేలరీల మాటకొస్తే, “మనది కాబట్టి మంచిది” అనే భరోసా పనికిరాదు.

ఆకు ముందు కూర్చున్నాక ఏం జరుగుతుందో తలచుకోండి. మొదట కందిపొడి, ఈ ఊళ్లో దాన్ని గన్‌పౌడర్ అంటారు. దానిమీద నెయ్యి. తర్వాత పప్పు, మళ్లీ నెయ్యి. గోంగూర పచ్చడి, సాంబారు, రసం, పెరుగు, ఒక్కోదానికీ కొంచెం కొంచెం అన్నం. వడ్డించేవారు చేయి ఆపరు, మనం వద్దనం. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కిలో కేలరీలు. ఇలా మారుమారు వడ్డించుకుంటే 400 గ్రాములు తేలిగ్గా దాటుతుంది, అంటే 520. రెండు పెద్ద చెంచాల నెయ్యికి ఇంకో 240. కూరల్లో నూనె, అప్పడాలు, పక్కన ఒక ఆంధ్రా చిల్లీ చికెన్ కలిపితే వెయ్యి దాటేశాం.

అయినా ఈ భోజనం గురించి నేను మంచే చెబుతాను. ఇందులో పప్పు ఉంది, ఆకుకూర ఉంది, పెరుగు ఉంది. తిన్నవాడికి సాయంత్రం దాకా ఆకలి వేయదు, రాత్రి ఒక పండు, గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. చేయాల్సిందల్లా అన్నం రెండు వడ్డనల దగ్గర ఆపి, పప్పు, కూర ఎక్కువ వేయించుకోవడం. నెయ్యి మొదటి ముద్దకు చాలు. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఆ గోంగూర ముద్ద చేసే మేలును ఏ కిలో కేలరీ లెక్కలోనూ రాయలేం. దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను.

బిర్యానీకి ఉపాయం ఇంకా సులువు. ప్లేటులో అరకిలో అన్నం ఉంటే అన్నమే 650 కిలో కేలరీలు. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, పక్కన రైతాతో పాటు ఒక తందూరీ ముక్క తెప్పించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది.

బఫేకు వెళ్తే గిట్టుబాటు అవుతుంది కదా?

గిట్టుబాటు చేసుకోవాలన్న తపనే అక్కడ చెరుపు. తలకు ఇంత అని ముందే కట్టేశాక “డబ్బులు రాబట్టాలి” అనే పట్టుదల వస్తుంది. ఆకలి తీరాక తినే ప్రతి ముద్దా ఒంటికి భారమే తప్ప రాబడి కాదు. పైగా మొదట వచ్చేవి బంగాళాదుంప, మొక్కజొన్న, రొట్టె వంటి చౌక పదార్థాలు. అవి ఆపకుండా వస్తూనే ఉంటాయి. చేపలు, రొయ్యలు వచ్చేసరికి కడుపులో చోటుండదు.

పదిమంది స్నేహితులు కలిసి, ఒక్కొక్కరి రుచి ఒక్కోలా ఉన్నప్పుడు బఫే మంచి ఏర్పాటు. తక్కువ తినేవాళ్లకు, పెద్దవాళ్లకు మాత్రం పూర్తిగా నష్టం.

సలాడ్ తెప్పించుకుంటే సరిపోతుందా?

మీద పోసే మయొనైజ్, చీజ్ డ్రెస్సింగ్ ఎంతో చూడండి. మయొనైజ్ అంటే చాలావరకు నూనే. డ్రెస్సింగ్ విడిగా గిన్నెలో ఇమ్మని చెబితే ఇస్తారు. అయినా అంత ధర పెట్టి కీరా ముక్కలు తినడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

చైన్లలో శుభ్రత ఎక్కువ ఉంటుందా? నూనె మళ్లీ మళ్లీ వాడరా?

వేయించే నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె మళ్లీ మళ్లీ కాగినప్పుడు పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే దాన్ని పారేయాలన్నది 2018 జూలై నుంచి నిబంధన. రోజుకు 50 లీటర్లకు మించి వేయించే నూనె వాడేవారు లెక్కల పుస్తకం రాయాలి. పేరున్న సంస్థలో నూనెను కొలిచే పరికరం, తనిఖీ, లెక్క ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఒక శాఖలో తప్పు బయటపడితే అన్ని శాఖలకూ మచ్చ. సాయంత్రం బండి మీద పొద్దుటి నల్లటి నూనెలోనే బజ్జీలు వేయడం చూస్తే ఈ తేడాకు ఎంత విలువో తెలుస్తుంది. వనస్పతి వంటి కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న హద్దు కూడా 2022 నుంచి ఉంది.

అంతమాత్రాన ప్రతి శాఖా అద్దంలా ఉంటుందని కాదు. చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి ఒకసారి చూసి రండి. వంటగది ఎలా ఉందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

ఇంటికి తెప్పించుకుంటే చౌక కదా? వెళ్లివచ్చే ఆటో ఖర్చు మిగులుతుంది.

లెక్క వేసి చూడండి. యాప్‌లో వంటకం ధర చాలాసార్లు రెస్టారెంట్‌లో కన్నా ఎక్కువ. దానిమీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం రుసుములు. పైగా కుర్చీ అద్దె ధరలో అలాగే ఉంది, మనం కూర్చున్నది మాత్రం మన ఇంట్లో. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి వేయించినవి మెత్తబడతాయి, దోసె తోలులా సాగుతుంది. ఖర్చు ఎక్కువ, రుచి తక్కువ. చైన్ భోజనాన్ని ఇంటికి తెప్పించుకోవడం అన్నిటికన్నా నష్టపు బేరమని నా అభిప్రాయం. బయటి తిండి ఇంట్లో తినాలంటే అన్నం వండుకుని, దగ్గరలోని కర్రీ పాయింట్ నుంచి పప్పు, వేపుడు తెచ్చుకోండి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు వీటికి కొదవ లేదు.

పిల్లలు బొమ్మ ఇస్తారని బర్గర్ దుకాణానికే వెళ్దామంటున్నారు. ఎలా?

పూర్తిగా వద్దంటే దానిమీదే ధ్యాస పెరుగుతుంది. నెలలో ఒక రోజు నిర్ణయించండి. బర్గర్ ఒకటి, ఫ్రైస్ అందరికీ కలిపి ఒకటి, తాగడానికి నీళ్లు. ఇంట్లో కూల్‌డ్రింకు లేని పిల్లలకు బయట కూడా అది గుర్తు రాదు. పుట్టినరోజు బహుమతిగా, మార్కులకు బహుమతిగా ఈ తిండిని చూపించకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. తిండి బహుమతి అయితే ఇంటి అన్నం శిక్షలా కనిపిస్తుంది.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఇక్కడ మాత్రం చైన్‌కు డబ్బు పెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవారు దర్శినిలో నిలబడి తినలేరు. మంచి కుర్చీ, శుభ్రమైన మరుగుదొడ్డి, లిఫ్టు, తెలుగు అర్థమయ్యే వడ్డన ఉండాలి. ఆంధ్రా భోజనం పెట్టే చోటుకు పన్నెండున్నరకే చేరుకుంటే క్యూ ఉండదు. నాన్నగారు మెనూలో ధర చూసి “నాకు ఆకలిగా లేదురా” అంటారు కాబట్టి కార్డు ఆయన చేతికి ఇవ్వకుండా మీరే చెప్పేయండి. షుగరు ఉన్నవారికి స్వీటు, పళ్లరసం వద్దు. అన్నం ముందు కూర, పప్పు తినమనండి. మందు వేసుకునే వేళ దాటకుండా చూసుకోండి.

పీజీలో ఉంటాను. అక్కడి భోజనం బాగుండదు, రోజూ బయటే తింటాను. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవారి గురించే నాకు ఎక్కువ బెంగ. ఇరవై రెండేళ్ల వయసులో రోజూ రాత్రి బిర్యానీ, బర్గర్ తింటూ, ముప్పై రాకముందే కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకునేవారు మన మధ్య పెరుగుతున్నారు.

ఉదయం దర్శినిలో ఇడ్లీ. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ లేదా నెలవారీ మెస్. మన జిల్లాలవారు నడిపే మెస్‌లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, నెల కట్టితే పూటకు పడే ఖర్చు చైన్ రెస్టారెంట్‌లో ఒక స్టార్టర్ కన్నా తక్కువ. రాత్రికి గదిలో పండ్లు, పెరుగు, ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. గుడ్లు ఉడికించడానికి చిన్న కరెంటు పరికరం చాలు, పీజీవారు అభ్యంతరం చెబుతారేమో ముందే కనుక్కోండి. చేతిలో డబ్బు ఆడని నెలలో, 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇందిరా క్యాంటీన్లు ఉన్నాయి. చాలా తక్కువ ధరకు వేడివేడిగా పెడతారు, అక్కడ తినడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. చైన్ రెస్టారెంట్‌ను జీతం వచ్చిన శనివారానికి, స్నేహితులతో కలిసి వెళ్లడానికి ఉంచుకోండి.

“ఇంకో 60 రూపాయలకు పెద్దది వస్తుంది” అంటారు. తీసుకోవాలా?

వద్దు. ఆ పెంచిన భాగం దాదాపు ఎప్పుడూ బంగాళాదుంప, కూల్‌డ్రింకే. దుకాణానికి అన్నిటికన్నా చౌకగా పడేవి అవే. ఒకటికొకటి ఉచితం అన్న ఆఫరైనా తినేవాళ్లు ఇద్దరున్నప్పుడే లాభం.

తిన్నదంతా నడిచి కరిగించుకోవచ్చా?

60 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కిలో కేలరీలు. పైన చెప్పిన బర్గర్, ఫ్రైస్, కూల్‌డ్రింకు కరగాలంటే లాల్‌బాగ్‌లో మూడు గంటలు నడవాలి. కూల్‌డ్రింకు మానేయడం అంతకన్నా సులువు. నడక ఆరోగ్యానికి ఎలాగూ మంచిదే, దాన్ని బిర్యానీకి జరిమానాగా చూడకండి.

మిగిలింది ప్యాక్ చేయమంటే చిన్నతనంగా ఉంటుంది.

మీరు డబ్బు కట్టిన తిండి అది. తినే ముందే సగం వేరు చేసి ప్యాక్ చేయించుకుంటే ఇంకా మంచిది, ఎంగిలి కాకుండా ఉంటుంది, అతిగా తినడమూ తప్పుతుంది. ఇంటికి వెళ్లగానే, వడ్డించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నం, బిర్యానీ రాత్రంతా బయట వదిలేస్తే అందులో పెరిగే సూక్ష్మక్రిములు విడిచే విషం వేడి చేసినా పోదు. మరునాడు పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చేసి తినేయండి, మళ్లీ మిగిలితే పారేయండి.